బోధించేవారికి బోధించేది ఎవరు? – బైబిలు తరగతి ఉపాధ్యాయుల శిక్షణ: చరిత్ర చెప్పే పాఠాలు

 

ఈ వారం మన ధ్యానానికి ఒక ప్రశ్న తీసుకుందాం. మన పిల్లలకు వాక్యం నేర్పేది ఎవరని అడిగితే సండే స్కూలు టీచరు అని వెంటనే చెబుతాం. మరి ఆ టీచరుకు నేర్పింది ఎవరు? ఈ ప్రశ్న అడిగితే చాలా సంఘాల్లో జవాబు ఉండదు. ఇంటర్ పాసైన ఒక చెల్లెమ్మ చేతిలో శనివారం సాయంత్రం పాఠాల పుస్తకం పెడతాం. "రేపటినుంచి నువ్వు చెప్పమ్మా, ప్రభువు సహాయం చేస్తాడు" అంటాం. ప్రభువు తప్పక సహాయం చేస్తాడు. అయితే సంఘం చేయవలసిన సహాయం సంఘం చేసిందా?

ప్రియులారా, ఇది చిన్న విషయం కాదు. సిద్ధపాటు లేని టీచరు మూడు నాలుగు నెలలకే అలసిపోతుంది. చెప్పిన కథే మళ్ళీ చెబుతుంది. పిల్లలు అల్లరి చేస్తే తన తప్పే అనుకుని మానుకుంటుంది. ఆమె మానుకున్నాక ఆ పిల్లల సంగతి ఏమిటి? పదమూడు పద్నాలుగేళ్ళు వచ్చాక అడగవలసిన ప్రశ్నలు అడగడానికి వాళ్ళకు ఎవరూ దొరకరు. మెల్లగా సంఘానికి దూరమవుతారు. కాబట్టి ఉపాధ్యాయుల శిక్షణ అనేది ఒక తరం విశ్వాసానికి సంబంధించిన సంగతి. దీని గురించి మన ముందున్నవారు ఏమి చేశారో చరిత్రను అడిగి చూద్దాం.

మొదట లేఖనాల్లోకి వెళ్దాం. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం మనందరికీ తెలుసు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో, చెరనుండి తిరిగివచ్చిన ప్రజలు ఏడవ నెల మొదటి దినాన యెరూషలేములో నీటిగుమ్మము ఎదుట కూడుకున్నారు. ఎజ్రా ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివాడు. 7వ వచనంలో పదముగ్గురి పేర్లు కనిపిస్తాయి. వారూ లేవీయులూ జనుల మధ్య నిలిచి, చదివినదాని అర్థం విప్పి చెప్పారు. ఒక విధంగా అది ఒక పెద్ద బైబిలు తరగతి.

చాలాసార్లు ప్రసంగికులు అక్కడే ఆగిపోతారు. 13వ వచనం చూడండి. రెండవ దినాన అందరూ రాలేదు. కుటుంబాల పెద్దలు, యాజకులు, లేవీయులు మాత్రమే ఎజ్రా దగ్గరకు వచ్చారు. ఎందుకు వచ్చారు? ధర్మశాస్త్రపు మాటలు ఇంకా బాగా గ్రహించడానికి వచ్చారు. నిన్న బోధించినవారే నేడు విద్యార్థులై కూర్చున్నారు! ఇదే లేఖనాల్లో మనకు కనిపించే ఉపాధ్యాయుల తరగతి. దాని ఫలితం ఏమిటి? పర్ణశాలల పండుగను గూర్చిన ఆజ్ఞ వారి కంట పడింది. నూను కుమారుడైన యెహోషువ దినములనుండి ఆ విధంగా చేయబడని ఆ పండుగను ప్రజలంతా గొప్ప సంతోషంతో ఆచరించారు. బోధకులు ఒక్కరోజు కూర్చుని నేర్చుకుంటే, తరాలుగా మరచిపోయిన సంగతి జనానికంతటికీ తిరిగి దొరికింది. ఈ రెండవ దినాన్ని మనస్సులో ఉంచుకోండి. మిగతా చరిత్ర అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు 18వ శతాబ్దానికి వద్దాం. బ్రిటన్‌లో పడమటి వైపున వేల్స్ దేశం ఉంది. అక్కడ లాన్‌డౌరోర్ అనే చిన్న ఊరిలో గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరి ఉండేవాడు. ఆయన సంఘస్థులు కూలినాలి చేసుకునేవారు. చదువు రాదు, కాబట్టి బైబిలు ఇంట్లో ఉన్నా చదవలేరు. 1731 ప్రాంతంలో ఆయన ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ఒక ఉపాధ్యాయుడు ఒక ఊరికి వెళ్ళి, పొలం పనులు తక్కువగా ఉండే చలికాలంలో సుమారు మూడు నెలలు ఉండి, వేల్స్ భాషలోనే బైబిలు చదవడం నేర్పుతాడు. తరువాత మరో ఊరికి వెళతాడు. వీటిని సంచార పాఠశాలలు అనేవారు. పిల్లలతోపాటు పెద్దలూ వచ్చేవారు. పగలు పనికి వెళ్ళేవారి కోసం రాత్రి తరగతులు ఉండేవి.

గమనించండి, జోన్స్ ఎవరినీ సిద్ధపాటు లేకుండా పంపలేదు. ముందు లాన్‌డౌరోర్‌లో తన దగ్గర ఉంచుకుని, ఎలా చెప్పాలో నేర్పి, అప్పుడు పంపేవాడు. ఆ శిక్షణ కొద్దికాలమే. కానీ అది సరిగ్గా చేయవలసిన పనికి సరిపోయేది. ఆయన 1761లో కన్నుమూసే నాటికి 3,000కు పైగా పాఠశాలలు జరిగాయి. వాటిలో 1,50,000 మందికి పైగా చదువుకున్నారని ఆయన వార్షిక నివేదికలు చెబుతున్నాయి. బ్రిడ్జెట్ బెవన్ అనే ధనవంతురాలైన విశ్వాసి ఈ పనికి డబ్బు సమకూర్చింది. ఆయన మరణించాక 1779లో తాను చనిపోయేవరకు ఆమే ఆ పనిని నడిపించింది. శిక్షణకు ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు భరించే ఒక హృదయం ఆ సంఘంలో ఉంది.

ఆ తరువాత అందరికీ తెలిసిన పేరు రాబర్ట్ రైక్స్. ఆయన ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో ఒక పత్రిక నడిపేవాడు. ఆ ఊరిలో గుండుసూదులు తయారుచేసే కార్ఖానాలు ఉండేవి. వారమంతా పనిచేసిన పిల్లలు ఆదివారం వీధుల్లో పడి తిరిగేవారు. 1780లో థామస్ స్టాక్ అనే పాదిరితో కలిసి రైక్స్ ఆదివార పాఠశాల ప్రారంభించాడు. 1783లో తన పత్రికలో దాని గురించి రాసినప్పుడు ఆ సంగతి దేశమంతా పాకింది.

రైక్స్ పాఠశాలల్లో చెప్పినది జీతం తీసుకునే స్త్రీలు. ఒక ఆదివారానికి ఒక షిల్లింగు ఇచ్చేవారు. జీతానికి డబ్బు ఎక్కడినుంచి తేవాలి? చాలా ఊళ్ళలో ఇదే అడ్డంకి అయ్యింది. దానికి జవాబు మెథడిస్టులు చూపించారు. 1787లో జాన్ వెస్లీ బోల్టన్ పట్టణానికి వెళ్ళినప్పుడు అక్కడ 800 మంది పిల్లలు, సుమారు 80 మంది ఉపాధ్యాయులు కనిపించారు. వారిలో ఒక్కరూ జీతం తీసుకోవడం లేదు. ప్రభువు ప్రేమను బట్టి వచ్చినవారే. ఈ పద్ధతి వ్యాపించాక పాఠశాలల సంఖ్య విపరీతంగా పెరిగింది. 1831 నాటికి బ్రిటన్‌లో 12 లక్షలకు పైగా పిల్లలు ఆదివార పాఠశాలలకు వచ్చేవారు.

దేవునికి స్తోత్రము! అయితే ఇక్కడ ఒక కొత్త సమస్య పుట్టింది. జీతగాణ్ణి అయితే పని రాకపోతే మార్చవచ్చు. ప్రేమతో వచ్చిన స్వచ్ఛంద సేవకుణ్ణి "నీకు చెప్పడం రాదు" అని ఎలా అంటాం? ఆసక్తి ఉంది, సిద్ధపాటు లేదు. నేటికీ మన సంఘాల పరిస్థితి ఇదే కదా! ఆసక్తి ఉన్నవారికి సిద్ధపాటు కలిగించడం ఎలా అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. 1803లో లండన్‌లో వేర్వేరు సంఘాల ఉపాధ్యాయులు కలిసి సండే స్కూల్ యూనియన్ స్థాపించుకున్నారు. ఒకరి అనుభవం మరొకరికి చెప్పుకోవడం, కొత్తవారికి మార్గదర్శకాలు ముద్రించి ఇవ్వడం వారి పని.

ఇదే కాలంలో వేల్స్‌లో థామస్ చార్లెస్ అనే దైవసేవకుడు బాలా అనే ఊరిలో ఉండేవాడు. 1800లో మేరీ జోన్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి బైబిలు కొనుక్కోవడానికి 25 మైళ్ళకు పైగా నడిచి వెళ్ళింది ఈయన దగ్గరికే. ఆమె కథ మన పిల్లలందరికీ చెబుతాం. కానీ ఆ కథ వెనుక ఉన్న మరో సంగతి చెప్పం. ఆ అమ్మాయికి చదవడం ఎలా వచ్చింది? చార్లెస్ నడిపిన సంచార పాఠశాలల వలన వచ్చింది. ఆయన మొదట కొద్దిమందిని దగ్గర కూర్చోబెట్టుకుని తానే నేర్పాడు. వారు మరికొందరికి నేర్పారు. తిమోతికి రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయం 2వ వచనంలో అపొస్తలుడైన పౌలు చెప్పిన క్రమం ఇదే కదా. పౌలు నుండి తిమోతికి, తిమోతి నుండి నమ్మకమైనవారికి, వారినుండి ఇతరులకు. ఒక్క వచనంలో నాలుగు తరాలు!

చార్లెస్ మరొక పని కూడా చేశాడు. ఉపాధ్యాయుని చేతిలో పనిముట్టు ఉండాలని, వేల్స్ భాషలో నాలుగు సంపుటాల బైబిలు నిఘంటువు రాసి 1805 నుండి 1811 వరకు ప్రచురించాడు. ప్రశ్నోత్తరాల పుస్తకం కూడా రాశాడు. వడ్రంగికి ఉలి ఇవ్వకుండా తలుపు చేయమనం కదా. పిల్లవాడు "పరిసయ్యులంటే ఎవరు మాస్టారూ?" అని అడిగితే, ఆ ఉపాధ్యాయుడు ఎక్కడ చూసుకోవాలి? చార్లెస్ ఆ అవసరాన్ని గుర్తించాడు.

ఇక అమెరికాకు వెళ్దాం. ఉపాధ్యాయుల శిక్షణకు ఒక ప్రణాళిక రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు జాన్ హైల్ విన్సెంట్. 1832లో పుట్టాడు, మెథడిస్టు పాస్టరు. యౌవనంలోనే ఆయన పాలస్తీనా తరగతి అని ఒకటి నడిపేవాడు. పరిశుద్ధ దేశపు పటం పెట్టి, కొండలు, నదులు, ఊళ్ళు నేర్పి, పరీక్ష పెట్టి, నేర్చుకున్నదాన్నిబట్టి ఒక్కో మెట్టు ఎక్కించేవాడు. బడిపంతుళ్ళకు శిక్షణ పాఠశాలలు ఉన్నాయి, దేవుని వాక్యం నేర్పేవారికి ఎందుకు ఉండకూడదు అన్నది ఆయన ఆలోచన. 1861లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌లో సండే స్కూలు ఉపాధ్యాయుల కోసం ప్రత్యేక శిక్షణ కూటం ఏర్పాటు చేశాడు.

1872లో ఇండియానాపొలిస్‌లో జరిగిన మహాసభలో మరొక పెద్ద నిర్ణయం జరిగింది. బి.ఎఫ్. జేకబ్స్ అనే చికాగో వ్యాపారస్థుడు పట్టుబట్టి, అన్ని సంఘాలవారూ ఒకే ఆదివారం ఒకే పాఠం చెప్పే పద్ధతిని ఆమోదింపజేశాడు. ఏడేళ్ళలో బైబిలు అంతటినీ చుట్టివచ్చే ప్రణాళిక అది. అందరి పాఠం ఒకటే కాబట్టి, ఒక ఊరిలోని వేర్వేరు సంఘాల ఉపాధ్యాయులు వారం మధ్యలో ఒకచోట కూడి సిద్ధపడగలిగారు. పాఠానికి సహాయపడే పత్రికలు చవకగా వచ్చాయి.

దీనికి ఒక లోపం కూడా ఉంది. ఐదేళ్ళ పసివానికీ, యాభై ఏళ్ళ పెద్దకూ ఒకే పాఠం. పసిపిల్లల టీచర్లు ఎంతో ఇబ్బందిపడ్డారు. చివరికి 1908లో లూయీవిల్ మహాసభ వయస్సునుబట్టి తరగతులవారీ పాఠాలు తయారుచేయడానికి ఒప్పుకుంది. 36 సంవత్సరాలు పట్టింది! ప్రణాళిక వేసేటప్పుడు ముందు పిల్లవాని వైపు చూడాలి అని ఈ సంగతి మనకు నేర్పుతుంది.

1874 ఆగస్టులో విన్సెంట్, లూయిస్ మిల్లర్ అనే విశ్వాసితో కలిసి న్యూయార్కు రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున రెండు వారాల సండే స్కూలు ఉపాధ్యాయుల సభ జరిపించాడు. మిల్లర్ వ్యవసాయ యంత్రాలు కనిపెట్టి తయారుచేసిన వ్యాపారస్థుడు. ఆ స్థలం అంతకుముందు ఉజ్జీవ కూటాలు జరిగిన స్థలం. విన్సెంట్ మాత్రం ఇది ఉజ్జీవ కూటం కాదు, ఇది చదువు అని స్పష్టంగా చెప్పాడు. ఉపన్యాసాలు, వయస్సువారీ బోధన పద్ధతులు, చివర రాతపరీక్ష. సరస్సునే మధ్యధరా సముద్రంగా అనుకుని, ఒడ్డున మట్టితో పరిశుద్ధ దేశపు నమూనా కట్టారు. ఉపాధ్యాయులు హెర్మోను కొండ నుండి మృత సముద్రం వరకు తమ కాళ్ళతో నడిచి నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న టీచరు యెరికో దారిని గూర్చి చెబితే పిల్లల కళ్ళకు కట్టదా?

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1876లో అలహాబాదులో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది. అదే సంవత్సరం మన తెలుగు ప్రాంతంలో భయంకరమైన కరువు మొదలైంది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని వేలాదిమందికి పని చూపించాడు. కరువు తీరేవరకు బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొద్ది నెలల్లోనే ఆ సంఖ్య 9,000 దాటింది.

ఈ సంఖ్య మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆలోచించండి, ఈ వేలాదిమందికి వాక్యం నేర్పేది ఎవరు? ఒక్క మిషనరీ వల్ల అవుతుందా? ఒంగోలులో ఒక ఏర్పాటు ఉండేది. మూడు నెలలకొకసారి పల్లెల్లోని బోధకులు నడిచి వచ్చి కూడుకునేవారు. ఎవరి పల్లెలో ఏమి జరిగిందో చెప్పేవారు, కష్టాలు పంచుకునేవారు, వాక్యం నేర్చుకునేవారు, ప్రార్థించి తిరిగి వెళ్ళేవారు. పెద్ద పంటను నిలబెట్టినవాటిలో ఈ త్రైమాసిక కూటాలు ఒకటి. ఎజ్రా దగ్గరి రెండవ దినం ఒంగోలులో ఏడాదికి నాలుగుసార్లు జరిగిందన్నమాట!

దోర్నకల్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతంనుండి 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు. 1935 నాటికి ఆయన అధ్యక్ష మండలంలో 2,000 మందికి పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. పల్లెలో వారే బడిపంతులు, వారే ఆరాధన నడిపేవారు, వారే బైబిలు తరగతి. వారిని సిద్ధపరచడానికి దోర్నకల్‌లో శిక్షణ ఉండేది. బిషప్పు గారి భార్య అన్బు అమ్మగారు గురుత్వానికి చదివేవారి భార్యలకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు. పల్లెలో స్త్రీలకు, పిల్లలకు చెప్పేది పంతులమ్మే అని వారికి తెలుసు. భర్తకు శిక్షణ ఇచ్చి భార్యను వదిలేస్తే సగం పని మిగిలిపోయినట్టే. అపొల్లోకు దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించినవారిలో ప్రిస్కిల్ల కూడా ఉందని అపొస్తలుల కార్యములు 18:26 చెప్పడంలేదా?

ప్రియ శ్రోతలారా, ఇంత చరిత్ర ఎందుకు చెప్పుకున్నాం? మన సంఘాల్లో వేసవి బైబిలు పాఠశాల ఉంటుంది. అది పది రోజుల పని. దాని కోసం ఎండాకాలం రాకముందే టీచర్లను శిక్షణకు పంపుతాం. పాటలు, అభినయం, చార్టులు, అన్నీ నేర్పుతాం. మంచిదే! మరి ఏడాదిలో 52 ఆదివారాలు చెప్పే టీచరుకు ఎన్ని రోజులు శిక్షణ ఇస్తున్నాం? పది రోజులకు ఉన్న శ్రద్ధ 52 ఆదివారాలకు ఎందుకు లేదు? సంఘ పెద్దలు ఈ ప్రశ్న తమకు తాము వేసుకోవాలి.

చరిత్రనుండి ఒక చిన్న ప్రణాళిక తీసుకుందాం. ఇది చిన్న సంఘానికి కూడా సాధ్యమే.

మొదటిది, ఉపాధ్యాయుణ్ణి విద్యార్థిగా కూర్చోబెట్టండి. వారానికొక సాయంకాలం ఒక గంట చాలు. వచ్చే ఆదివారం చెప్పవలసిన భాగాన్ని పాస్టరు గారు టీచర్లతో కలిసి చదవాలి. చివరి పదిహేను నిమిషాలు ఒక టీచరు ఆ పాఠం చెప్పి చూపించాలి. మిగతావారు ప్రేమతో సలహా ఇవ్వాలి.

రెండవది, కొత్తవారిని ఒంటరిగా పంపకండి. గ్రిఫిత్ జోన్స్ తన దగ్గర ఉంచుకుని నేర్పినట్టు, మొదటి నెల అనుభవం ఉన్న టీచరు పక్కన కూర్చుని చూడాలి. రెండవ నెల పాటలో, కథలో కొంత భాగం తీసుకోవాలి. మూడవ నెల తానే పాఠం చెప్పాలి, పాత టీచరు పక్కన ఉండాలి.

మూడవది, చేతికి పనిముట్లు ఇవ్వండి. ఒక బైబిలు నిఘంటువు, ఒక పదసూచిక, గోడకు ఒక పటం. సంఘ బడ్జెట్‌లో మైకు సెట్టుకు చోటు ఉన్నప్పుడు వీటికీ చోటు ఉండాలి. బ్రిడ్జెట్ బెవన్ వంటి దాతలు మన మధ్య కూడా ఉన్నారు, అడగాలి.

నాలుగవది, వయస్సును గమనించండి. పసిపిల్లల టీచరుకు, యౌవనస్థుల టీచరుకు ఒకే శిక్షణ సరిపోదు. 36 సంవత్సరాలు ఆలస్యం మనం చేయకూడదు.

అయిదవది, మూడు నెలలకొకసారి చుట్టుపక్కల సంఘాల టీచర్లందరూ ఒకచోట కూడండి. ఒక పల్లెలో ఇద్దరే టీచర్లు ఉండవచ్చు. అయిదు పల్లెలు కలిస్తే పదిమంది అవుతారు. ఒకరి భారం ఒకరు మోస్తారు.

మరొక మాట. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు 3:1 హెచ్చరిస్తుంది. ఈ మాట చెప్పి టీచర్లను భయపెట్టేవారు ఉన్నారు. అయితే అంత బరువైన పనిని సిద్ధపాటు లేనివారి తలమీద పెట్టినవారి సంగతి ఏమిటి? ఆ హెచ్చరిక సంఘంలో నాయకులందరూ వినవలసినది.

సండే స్కూలు టీచరుగా ఈ మాటలు వింటున్న అక్కా, తమ్ముడూ, నీవు అలసిపోయి ఉండవచ్చు. నీకు ఎవరూ నేర్పలేదని బాధపడవద్దు. నీటిగుమ్మము దగ్గర నిలబడి చెప్పినవారు కూడా మర్నాడు నేర్చుకోవడానికి వచ్చారు. ఈ వారం నీ పాస్టరు గారి దగ్గరకు వెళ్ళి "అయ్యగారూ, మాకు నేర్పించండి" అని అడుగు. అలా అడగడం చిన్నతనం కాదు. పాస్టరు గారూ, మీ దగ్గరకు ఎవరూ రాకపోతే మీరే పిలవండి.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, మా పిల్లలకు నీ వాక్యం నేర్పుతున్న ప్రతి ఒక్కరిని బట్టి నీకు వందనాలు. వారిని ఒంటరిగా వదిలివేయని సంఘముగా మమ్మును చేయుము. నేర్చుకునే మనస్సు మా పెద్దలకు, బోధించే కృప మా యౌవనస్థులకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.